ముతక సూది

మా పేటలో పాత మట్టిగోడలు ఐదు మిగిలాయి. సినిమా వాళ్ళు వస్తున్నారని తెలిసి వాటిలో నాలుగింటిని మా వాళ్ళే చెక్కేశారు.

చెడు ఉద్దేశంతో కాదు. పెచ్చులూడిన గోడతో చుట్టానికి ఎదురెళ్ళడం మా ఆడవాళ్ళకు తలవంపు. పాస్టరుగారు భోజనానికి వస్తున్నా సరే, పాత పూతమీదే కొత్త ఎర్రమట్టి మెత్తి, కింద సున్నపు పట్టీ వేస్తేగానీ నిద్రపట్టదు. అలాంటిది సినిమాలో కనపడబోయే గోడలు! మా ఎలీశమ్మ వదిన దగ్గరుండి అందరిచేతా పాత పూతలన్నీ గీకించి, కొత్తగా మెత్తించింది. నా మోకాళ్ళు వాచి ఉండటంతో నా ఇంటి గోడ మాత్రం మర్నాటికి వాయిదా పడింది. వాళ్ళు చెప్పిన రోజుకంటే ముందే వచ్చేశారు.

జీపులోంచి ముంతాజ్ అనే అమ్మాయి దిగింది. గుంటూరులో శాస్త్రవేత్త. ఎర్రగా మెరుస్తున్న నాలుగు గోడలనూ చూసి నేలమీద కూలబడింది.

"ఏందమ్మా, ఎండ దెబ్బా? మజ్జిగ కలపనా?" అంది వదిన.

"పాత మట్టి ఏం చేశారండీ?"

"దిబ్బలో పోశాం. ఆ మురికి ఎందుకులే నీకు?"

"నేను వచ్చిందే ఆ మురికి కోసం."

వదిన నావైపు తిరిగింది. "ఇదేం చోద్యం వదినా! గుంటూరు నుంచి మట్టి కోసం వచ్చిందంట. కబురు పెడితే ట్రాక్టరుకెత్తి పంపేవాళ్ళం గదా."

ముంతాజ్ లేచి, మా వీధి చివరనున్న నా ఇంటి గోడ దగ్గరకు వచ్చింది. నాకు సిగ్గేసింది. "రేపు మెత్తిస్తానమ్మా, మోకాళ్ళ నొప్పులతో..." అనబోయాను. "వద్దు!" అని ఆ పిల్ల అరిచిన అరుపుకు కోళ్ళు చెల్లాచెదురయ్యాయి.

ఆ గోడతో ఆమెకేం పనో చెప్పాలంటే ముందు గ్లాసుల సంగతి చెప్పాలి.

మా నూనెగుంటపాడులో బస్సులాగే చోట ఒక టీకొట్టు ఉండేది. ఊళ్ళోవాళ్ళకు లోపల బల్లమీద గ్లాసులు. అంటరానివాళ్ళమని మాకు బయట చూరుకింద చెక్కమీద వేరే గ్లాసులు. తాగి, కడిగి, మళ్ళీ అక్కడే బోర్లించి రావాలి. నలభై ఏళ్ళ కిందట, క్రిస్మస్ ముందు, మా పేట మగవాళ్ళు నలభైమంది కలిసి ఆ కొట్టుకు బయలుదేరారు. బల్లమీది గ్లాసులో టీ తాగి రావాలని. ముందున్నది నా భర్త జకరయ్య. కొట్టు చేరకముందే, మా ఇంటి మలుపులో పోలీసులు కాల్చారు. ఆయన పోయాడు. మిగిలినవాళ్ళను జైల్లో పెట్టారు.

విచారణ జరిగింది. పేటవాళ్ళు ముందు రాళ్ళు రువ్వారనీ, గత్యంతరం లేక కాల్పులు జరిపామనీ పోలీసులు చెప్పిన మాటే నిలబడింది. అప్పటినుంచి మాది రాళ్ళపేట. బళ్ళో పిల్లలనూ అదే అన్నారు, పెళ్ళి సంబంధానికి వచ్చినవాళ్ళూ అదే అడిగారు.

నేనప్పుడు ఏడు నెలల కడుపుతో ఇంటి గోడకు మట్టి మెత్తుతున్నాను. మలుపు అవతల చప్పుడైంది. మట్టిచేతులతోనే పరుగెత్తాను. దానికి ముందు వీధిలో ఏం విన్నానో అంతా చెరిగిపోయింది. అంతకు మించి నాకేమీ తెలియదు.

ముంతాజ్ రావడానికి ముందు, దివాకర్ అనే దర్శకుడు మా కథను సినిమా తీస్తానని వచ్చాడు. మంచివాడు. రెండు గ్లాసుల పద్ధతిని చూసి పెరిగినవాడు కాకపోయినా, వింటూ కళ్ళు తుడుచుకున్నాడు. తను రాసింది చదివి వినిపిస్తానన్నాడు. ఇటు ఇమ్మన్నాను. నా బిడ్డ హాస్టలుకు పోయాక రాత్రిబడిలో చదువు నేర్చుకున్నాను. వేలు పెట్టుకుని చదువుతాను, కానీ చదువుతాను. ఒకచోట వేలు ఆగింది. 'జకరయ్య కళ్ళలో నిప్పులు. వంగి మొదటి రాయి అందుకుంటాడు.'

"ఈ రాయి ఎక్కడిది నాయనా?"

"అదేనమ్మా సినిమాకు ప్రాణం. తరతరాల కోపమంతా ఆ రాయిలో ఉంటుంది. హాలు దద్దరిల్లిపోతుంది."

"మా ఆయన చేతిలో రాయి లేదు."

"మీరు చూశారా?"

"చూళ్ళా."

"చూసినవాళ్ళు చెప్పారమ్మా." అరుగుమీద కూర్చున్న దానియేలన్న వైపు చూపించాడు. దానియేలు ఎలీశమ్మ వదిన భర్త, నాకు వరసకు అన్న. ఆ రోజు నడిచినవాడు.

"నేను రెండేశా," అన్నాడు దానియేలన్న మీసం సర్దుకుంటూ. "బావ నాకంటే ముందేశాడు."

"కోర్టులో ఒక్కటి గూడా ఏయలేదని ప్రమాణం చేశావు గదన్నా?"

"అది కోర్టు. ఇది సినిమా."

వదిన పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పోలీసులు నా భర్తను చంపడానికి ఏ రాయి సాకుగా చూపించారో, ఆయన్ను గొప్పవాణ్ణి చేయడానికి ఇతను అదే రాయిని ఆయన చేతిలో పెడుతున్నాడు. వాళ్ళు కాగితం మీద రాశారు. కాగితం ఎవరు చదువుతారు? సినిమా అందరూ చూస్తారు.

"రుజువు ఉంటే సీను మార్చేస్తానమ్మా," అన్నాడు దివాకర్. "అబద్ధం తీయాలని నాకూ లేదు."

అలా అతను వెతికి పట్టుకొచ్చిన మనిషి ముంతాజ్. తడిమట్టి ఆరుతున్నప్పుడు దగ్గర్లోని చప్పుళ్ళకు సన్నగా వణుకుతుందట. ఆరిపోయాక ఆ వణుకు లోపల అలాగే బిగుసుకుపోతుందట. దాన్ని సూదితో తడిమి మళ్ళీ చప్పుడు చేసే మిషను ఆమె కనిపెట్టింది. పేడ కలిపిన మట్టి కాబట్టి, మీద మరో పూత వేసినా కింది పూత చెక్కుచెదరదట. గీకేస్తే మాత్రం ఇక అంతే. ఆ సంగతి మా వదినకు ముందే చెప్పేవాళ్ళు లేకపోయారు.

ఆ రోజు నా చేతికింద తడిగా ఉన్న గోడ ఇప్పుడు పేటంతటికీ ఒక్కటే సాక్షి.

చుట్టూ చెక్కలు బిగించి, నలుగురు మనుషులు ఆ గోడను ముక్కగా కోసి వ్యానెక్కించారు. నా ఇంటి ముందు టార్పాలిన్ పట్టా కట్టారు. గాలికి అది ఉబ్బినప్పుడల్లా ఎవరో లోపలికి వస్తున్నట్టుండేది. వచ్చేవాళ్ళు ఎవరూ లేరు. పొయ్యి ముందు కూర్చుని నేను నలభై ఏళ్ళుగా చేస్తున్న పనే చేశాను. ఆయన మాటలు గుర్తు చేసుకున్నాను.

మాటలు గుర్తున్నాయి. 'జారుద్ది, పైకెక్కమాక' అన్నాడు. 'వచ్చేటప్పుడు శనగలు తెస్తా' అన్నాడు. ఆ పొద్దున నేను మెత్తుతుంటే పక్కనే కూర్చుని చాలాసేపు ఏవేవో చెప్పాడు. కానీ ఆ గొంతు పోయింది. ముఖం ఉంది, నడక ఉంది, మెడమీది మచ్చ ఉంది. గొంతు ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు. ఒకరోజు వెతికితే లేదు. అప్పటినుంచి ఆయన మాటలన్నీ నా గొంతుతోనే వినపడుతున్నాయి. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మొగుడి గొంతు మరిచిపోయానని ఎవరితో చెప్పుకుంటాం?

ముంతాజ్ నన్ను గుంటూరు పిలిపించింది. ప్రయోగశాల అంటే ఏమో అనుకున్నాను. ఆస్పత్రి వాసన వేసే చల్లటి గది. నా గోడ అక్కడ బల్లమీద వెల్లకిలా పడుకుని ఉంది.

"ముందు ఈ పెంకులకు మెత్తండమ్మా," అని రెండు పెంకులూ, తట్టలో మట్టీ నా ముందు పెట్టింది. మెత్తాను. "ఇప్పుడు ఏదన్నా మాట్లాడండి."

"మట్టితో ఏం మాట్లాడతారు తల్లీ?"

"మీ ఇష్టం."

ఎండురొయ్యలు వేసి గోంగూర ఎలా వండాలో చెప్పాను. పక్కగదిలో ఎవరో స్టీలు పళ్ళెం మీద గరిటెతో బాదుతూనే ఉన్నారు. పెంకులు ఆరాక మళ్ళీ పిలిచింది. మొదటి పెంకు మీద సన్నసూది పెట్టింది. నా గొంతు వచ్చింది. మధ్యలో గుటక వేయడం కూడా. రొయ్యలు ఎన్నిసార్లు కడగాలో నాకే చెబుతోంది. పళ్ళెం మోత మాత్రం లేదు, ఎక్కడో వాన పడుతున్నట్టు ఒకటే హోరు. సూది దాటిన చోటల్లా మట్టి పొడై రాలింది. పక్కనున్న గొట్టం దాన్ని పీల్చేసింది. ఇక అది పెంకు మాత్రమే.

రెండో పెంకుకు ముతకసూది. ఈసారి పళ్ళెం ఖంగున మోగింది. గరిటె జారి కింద పడటం కూడా వినపడింది. నా గొంతు సీసాలో పడ్డ తేనెటీగలా గుంయ్‌మంది.

"రెండూ ఒకేసారి రావా?"

"రావమ్మా. చిన్నమాట కావాలంటే సన్నసూది మెల్లగా పోవాలి. దాని వేడికి పెద్ద చప్పుళ్ళ గుర్తులు చెదిరిపోతాయి. ముతకసూది గబగబా పోతుంది. చిన్నమాటలు దానికి దొరకవు."

"గోడను రెండు ముక్కలు చేస్తే?"

ముంతాజ్ గోడ దగ్గరకు తీసుకెళ్ళింది. ఎలుకలు తవ్వినవీ, వాన కోసినవీ పోగా ఆనాటి పూత చాటంత మేర మిగిలిందంది. దాన్ని కోస్తే ఏ ముక్కా మాట్లాడదు.

నాకు అర్థమైంది. ఆ చాటంత మట్టిలో పొద్దుటిపూట నా పక్కన కూర్చుని ఆయన మెల్లగా చెప్పిన మాటలున్నాయి. మధ్యాహ్నం మలుపులో జరిగిన గొడవా ఉంది. ఒకటి వింటే రెండోది దుమ్ము.

నా కూతురు సలోమి ఒంగోలు ఆస్పత్రిలో నర్సు. తండ్రి పోయాక పుట్టింది. ఫోనులో చెబితే మర్నాడే సెలవు పెట్టి వచ్చింది. ప్రయోగశాల క్యాంటీనులో కూర్చున్నాం.

"ఇందులో ఆలోచించేదేముందమ్మా? సన్నసూదే."

"మరి ఆ రాయి?"

"సినిమా మూడు వారాలాడుద్ది. తర్వాత ఎవరికి గుర్తుంటది? నాకు నలభై ఏళ్ళొచ్చినయి. నాన్న ఎట్టా మాట్లాడేవాడో తెలీదు నాకు. ఫోటో గూడా సరిగ్గా లేదు. గొంతన్నా విననీ."

"మీ ఆస్పత్రిలో కొత్త డాక్టరు ఏమడిగాడన్నావు?"

సలోమి ముఖం తిప్పుకుంది. "మీది రాళ్ళపేటంట గదా అన్నాడు. నవ్వి ఊరుకున్నా."

"రేపు ఆ సీనుకు హాలంతా చప్పట్లు కొడతారు. మనోళ్ళే ముందు కొడతారు. కాల్చింది న్యాయమేనని మన చేతుల్తోనే ఒప్పుకున్నట్టు గాదూ?"

"నీకేంలే. నువ్వు ఆయన మాట విన్నావు, ఆయనతో కాపరం చేశావు. కావాలన్నప్పుడు గుర్తు చేసుకుంటావు. నాకేముంది?"

"నాకు గుర్తులేదే."

"ఏంది?"

"ఆయన గొంతు. గుర్తులేదు. చాన్నాళ్ళయింది."

సలోమి టీ గ్లాసు బల్లమీద పెట్టేసింది. జాలిపడుతుందనుకున్నాను. దానికి కోపం వచ్చింది.

"అయితే ఇద్దరికీ లేదు. ఉన్న ఒక్క చోటునీ పొడి చేస్తానంటావు. నీకు నాకంటే పేట ఎక్కువైపోయింది." టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయింది.

ఆ మిగిలిన టీ నేనే తాగి ముంతాజ్ దగ్గరకు వెళ్ళాను.

ఆనాటి పూతను చేరడానికి దాని పైనున్న ఏళ్ళన్నీ తొలగించాలి. ఊరికే గీకెయ్యకుండా, చెయ్యి కుదురుకోవడానికి ముంతాజ్ వాటిమీద సూది నడిపి చూసింది. నేను పక్కనే కూర్చున్నాను. ఒక పూత అయ్యాక ఒక పూత. ప్రతిదాంట్లోనూ ఒకటే చప్పుడు. అరచేయి గోడను రుద్దుకునే సర్రుమనే చప్పుడు. అప్పుడప్పుడూ దగ్గు. ఒక ఏడు కోడిపుంజు కూసింది. ఒక ఏడు నేను మేకను తిట్టాను. అలా వెనక్కి పోతే సలోమి చిన్నతనపు పూతల్లో మాత్రం ఏవో గలగలలు. అది హాస్టలుకు పోయాక వేసినవాటిలో నా అరచేయి ఒక్కటే.

ముంతాజ్ చెవులకున్నవి తీసి నావైపు చూసింది. "పని చేసేటప్పుడు పాటన్నా పాడుకోరా అమ్మా మీరు?"

"ఎవరికి?" అన్నాను.

చివరికి ఆ పూత బయటపడింది. అది గోడ సగానికి వచ్చి ఆగిపోయి ఉంది. ఆగినచోట నా నాలుగు వేళ్ళ గీతలు కిందికి జారి ఉన్నాయి. అప్పుడు నా చేతులు ఇంకా లేతవి.

దివాకర్ వచ్చాడు. సలోమి కూడా వచ్చింది. నా దగ్గరకు రాకుండా గుమ్మం పక్కన నిలబడింది. మొదలుపెట్టేముందు దివాకర్‌ను అడిగాను.

"గోడ ఏం చెబితే అది పెడతావా? నచ్చింది ఉంచుకుని నచ్చనిది తీసేస్తానంటే కుదరదు."

"మీమీద ఒట్టమ్మా."

"ఏ సూది?" అని అడిగింది ముంతాజ్.

సలోమి వైపు చూడలేదు. చూస్తే నోరు పెగలదు. "ముతకది," అన్నాను.

మొదట జోరుగాలిలాంటి హోరు. తర్వాత తేనెటీగ. గుంయ్, గుంయ్... ఆగుతూ, మొదలవుతూ, మళ్ళీ ఆగుతూ. మధ్యలో సన్నటి ఇంకో తేనెటీగ జవాబిస్తోంది. అది ఆయనా, నేనూ. ముంతాజ్ తల వంచుకుంది. ఎర్రటి పొడి సన్నగా రాలుతోంది, గొట్టం పీల్చేస్తోంది. శనగలన్న మాట ఎక్కడుందోనని చెవి ఒగ్గాను. ఏ గుంయ్‌లోనూ లేదు. గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడయింది. సలోమి బయటికి వెళ్ళిపోయింది.

అప్పుడు వీధి వినపడింది. చాలామంది నడుస్తున్న చప్పుడు, చెప్పులు టపటపమంటూ. ఎవరో పెద్దగొంతుతో అరిచారు:

"ఒరే, చక్కెర దండిగా ఏయించుకోండ్రా! మళ్ళీ పోస్తాడో పోయడో!"

నవ్వు.

ఒకరిద్దరు కాదు, అందరూ. నలభైమంది మగవాళ్ళు ఒక్కసారిగా, పగలబడి, ఊపిరాడకుండా నవ్వారు. ఎవరో ఈలవేశారు. ఇంకెవరో ఏదో అందిస్తే నవ్వు మళ్ళీ పైకి లేచింది. ఆ నవ్వు మధ్యలో తుపాకి పేలింది. నవ్వు వెంటనే ఆగలేదు. ముందువాళ్ళు ఆపేశాక కూడా వెనకవాళ్ళు ఇంకా నవ్వుతున్నారు. మళ్ళీ పేలింది. కేకలు, పరుగులు. ఆ తర్వాత, బాగా ఆ తర్వాత, ఇంటికప్పు పెంకులు పగిలిన చప్పుడు. రాళ్ళు.

దివాకర్ మళ్ళీ పెట్టమన్నాడు. ముంతాజ్ తన మిషనులో దాచినదాన్ని పెట్టింది. మూడోసారి విన్నాక అతను ముఖం తుడుచుకున్నాడు.

"రాళ్ళు పడ్డాయి. కాల్పుల తర్వాత పడ్డాయి. దానియేలుగారు తను వేశానన్నది నిజమే, మీరు చెప్పిందీ నిజమే. ఆ సీను తీసేస్తానమ్మా." నేను లేవబోయాను. అతను గొంతు తగ్గించాడు. "ఈ నవ్వు మాత్రం వద్దు."

"ఒట్టేశావు."

"జనం నమ్మరమ్మా! చావడానికి పోయేవాళ్ళు నవ్వుతారా? నినాదం ఇస్తారు, పిడికిలి ఎత్తుతారు. ఇలా పెడితే మీవాళ్ళను తక్కువ చేసినట్టుంటుంది."

"నినాదం వినపడిందా నీకు?"

"లేదు, కానీ..."

"వాళ్ళు చావడానికి పోలేదు నాయనా. టీ తాగటానికి పోతన్నారు. నవ్వరా మరి?"

అతను లేచి వెళ్ళిపోయాడు. చాలా రోజులు ఫోను కూడా చేయలేదు. కానీ మాట నిలబెట్టుకున్నాడు. గోడ పాడిన నవ్వునే సినిమాలో పెట్టాడు, వేషగాళ్ళ చేత దానికి సరిగ్గా పెదవులు కదిపించాడు.

ఒంగోలులో మొదటి ఆటకు పేటంతా లారీలో వెళ్ళాం. నవ్వు వచ్చినచోట హాల్లో చాలామంది దానితోపాటు నవ్వేశారు. తుపాకి పేలాక ఎవరూ కిక్కురుమనలేదు. చప్పట్లు లేవు. బయటికొచ్చేటప్పుడు ఒక ముసలాయన, పేటవాడు కాదు, ఊళ్ళోవాడే, మా దానియేలన్న భుజంమీద చెయ్యివేసి వెళ్ళిపోయాడు. సలోమి ఆస్పత్రిలో కొత్త డాక్టరు రాళ్ళ సంగతి మళ్ళీ ఎత్తలేదట. పత్రికలవాళ్ళు సినిమా బాగుందని రాశారు. అంతా నిజానికి దగ్గరగా ఉంది, కాల్పుల ముందు ఆ నవ్వులాట మాత్రం కల్పించి పెట్టినట్టుంది అని కూడా రాశారు. ఆ మాట నేనే వేలుపెట్టి చదివాను.

సలోమి నాతో మాట్లాడటం ఆదివారాలకు తగ్గింది. బాగున్నావా, మందులేసుకున్నావా, అంతే. టార్పాలిన్ తీసేసి సిమెంటు గోడ కట్టించింది. అది దేన్నీ వినదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఉన్నట్టుండి వచ్చింది. ముంతాజ్ దగ్గర ఆ చప్పుడంతా ఫోనులో ఎక్కించుకుని తెచ్చింది.

"అమ్మా, ఆ నవ్వుల్లో నాన్నది గూడా ఉంటది గదా?"

"ఉంటది. ముందున్నాడు గదా."

"అయితే బతికున్నవాళ్ళనందర్నీ పిలుద్దాం. ఎవరి నవ్వు వాళ్ళు చూపిస్తారు. పోయినవాళ్ళవి వాళ్ళ పిల్లలు చెబుతారు. అన్నీ తీసేస్తే మిగిలింది నాన్నది."

దాని కళ్ళు చూసి కాదనలేకపోయాను. మిగిలినవాళ్ళు పదకొండుమందీ, పోయినవాళ్ళ పిల్లలు కొందరూ వచ్చారు. అరుగుమీద కూర్చుని, చెయ్యి చెవి వెనక పెట్టుకుని విన్నారు.

"అదుగో, ఆ పెద్దది, గుర్రం సకిలించినట్టుందే, అది నాది," అన్నాడు దానియేలన్న.

"నీదెట్టా అయిద్దిరా? నీకు అప్పుడు గొంతులో పుండు. అది నాది," అన్నాడు పక్కాయన.

"ఇద్దరూ నోర్ముయ్యండి. అది మా నాయన నవ్వు. మా యింట్లో దూడలు బెదిరేవి దానికి," అన్నాడు ఇంకొకడు.

"చక్కెర మాట మాత్రం నాదే," అన్నాడు దానియేలన్న.

"నినాదం ఇచ్చానని మొన్నటిదాకా చెప్పావు గదయ్యా!" అని వదిన లోపలినుంచి అరిచింది.

అందరికీ ఆ పెద్దనవ్వే కావాలి. చిన్ననవ్వుల జోలికి ఒక్కరూ పోలేదు. సాయంత్రానికి వాదన ముదిరి, ఒకరిద్దరు అలిగి, అందరూ లేచిపోయారు. సలోమి ఫోను ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది.

"వాళ్ళొద్దులే. నువ్వు చెప్పమ్మా. నాన్నది ఏది?"

మళ్ళీ పెట్టింది. నేను కళ్ళు మూసుకుని విన్నాను. అందరికంటే ఆలస్యంగా మొదలయ్యే నవ్వొకటి ఉంది. మాట అర్థమవడానికి కాస్త టైము పట్టినవాడిలా, మెల్లగా, లోపలినుంచి. అది ఆయనదైతే బాగుండు అనిపించింది. చెబితే దాని ముఖం ఎలా వెలుగుతుందో నాకు కనపడుతూనే ఉంది. ఇక ప్రతి రాత్రీ ఆ ఒక్కటే వింటుంది. దాని పిల్లలకూ వినిపిస్తుంది.

"తెలీదే," అన్నాను.

"ఏదో ఒకటి చెప్పమ్మా. నేనేం రుజువు అడగను."

"తెలీదమ్మా. తెలియంది ఆయన నోట్లో ఎట్టా పెట్టేది?"

సలోమి ఏడవలేదు. కొంచెం జరిగి నా పక్కకు వచ్చి, ఫోను మా ఇద్దరి మధ్యా చాపమీద పెట్టి, మొదటినుంచి వేసింది. ఇద్దరం తలలు వంచి విన్నాం. చెప్పులు టపటపలాడాయి. ఎవరో చక్కెర గురించి అరిచారు. నలభైమంది మగవాళ్ళు నవ్వుతున్నారు.